తిరగేసి చూడాల్సిన వస్తువులు

ఉంగరం తీసి పక్కన పెట్టండి. గాజులుంటే అవీ తీసేయండి. నూరేళ్లు దాటిన పట్టు దారానికి లోహపు అంచు కాస్త తగిలినా పోగు లేచి వచ్చేస్తుంది. పెన్ను సంచిలోనే ఉండనివ్వండి, ఈ గదిలో రాసుకోవడానికి పెన్సిలే వాడాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని వస్తే బల్ల ముందు కూర్చోవచ్చు.

ఎదురుగా బూడిద రంగు అట్టపెట్టె ఉంది. మూత ఎత్తితే తెల్లటి టిష్యూ కాగితం పొరలు. బట్ట మడత పడ్డచోట విరగకుండా అదే కాగితాన్ని ఉండలు చుట్టి మడతల మధ్య పెట్టారు. ఒక్కో పొరా తొలగిస్తే చివరికి మట్టి రంగు నార బట్ట కనబడుతుంది. దాని మీద గుండ్రటి గులాబీలున్నాయి. తోటలో పూసే గులాబీలు కావు ఇవి. గులాబీ రంగు గుడ్డను బిళ్లలా కత్తిరించి, బట్ట మీద అతికి, అంచంతా పట్టు దారంతో దట్టంగా కుట్టేశారు. లోపల నాలుగైదు వంపు గీతలు గీసి అవే రేకులన్నారు. కింద నిటారుగా ఆకుపచ్చ కాడలు. ఈ పువ్వును చూడగానే కళా చరిత్ర చదివినవాళ్లు ఊరి పేరు చెప్పేస్తారు. దీన్ని గ్లాస్గో గులాబీ అంటారు.

కానీ ఆ పువ్వును కాసేపు వదిలేద్దాం. ఆర్కైవిస్టు బట్ట కింద ఒక అట్ట, పైన ఒక అట్ట పెట్టి, రెంటినీ కలిపి పట్టుకుని మెల్లగా తిరగేస్తోంది. పై అట్ట తీసింది. ఇప్పుడు చూడండి.

వెనకవైపు గులాబీ లేదు, దాన్ని కుట్టిన పని మాత్రం ఉంది. ఒక రేకు పూర్తయ్యాక దారం తెంపకుండా పక్క రేకుకు దూకిన చోట అడ్డంగా ఒక పోగు. కాడ మొదట్లో పెద్ద ముడి, నాలుగు అంగుళాలు వెళ్లేసరికి ముడి లేకుండానే దారం కొసను కుట్టు కిందకి తోసేయడం వచ్చేసింది. అంటే ఈ కాడ కుడుతూ కుడుతూనే దీన్ని కుట్టిన అమ్మాయి పని నేర్చుకుంది. ఒకచోట కుట్టు లేదు గానీ వరసగా సూది రంధ్రాలున్నాయి. ఆకు వంపు కుదరలేదని విప్పేసి, పక్కకు జరిపి మళ్లీ కుట్టింది. ఇక రంగు సంగతి చూస్తే, ముందువైపు వెలిసిపోయి ఎండు పువ్వులా ఉన్న గులాబీ రంగు, వెలుగు తగలని వెనకవైపు కొట్టొచ్చినట్టు ముదురుగా ఉంది. ఈ బట్ట నిజంగా ఏ రంగులో పుట్టిందో తెలియాలంటే ఇటే చూడాలి. చీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు పల్లూ తిరగేసి వెనక పోగులు చూడకుండా బేరం మొదలుపెట్టరు. వస్తువు గుణం తేల్చేది ఆ వైపే.

మ్యూజియంలో ఇది కుదరదు. అక్కడ బట్టను అద్దం వెనక బిగించి, ముఖం మనకేసి పెట్టి, పక్కన పేరు రాస్తారు. చిత్రకళా బడి దాచుకున్న వస్తువుల పద్ధతి వేరు. ఇవి మొదటినుంచీ చేత్తో పట్టి, తిప్పి, ఎలా చేశారో తెలుసుకోవడానికి పెట్టుకున్నవి. ఇక్కడ దాచిన వస్తువుకు ముఖం ఎంత ముఖ్యమో వీపూ అంత ముఖ్యం. ఇవాళ ఈ బల్ల మీదికి వచ్చేవాటన్నిటినీ అలాగే చూద్దాం.

అన్నట్టు మనం ఎక్కడున్నామో చెప్పలేదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరం. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1845లో ప్రభుత్వ డిజైన్ బడిగా మొదలైంది. ఓడలు, రైలింజన్లు, బట్టల మిల్లులు ఉన్న ఊరికి నమూనాలు గీసే చేతులు కావాలి కాబట్టి పెట్టారు. బడి అసలు ఇల్లు ఊరి నడిబొడ్డున గార్నెట్‌హిల్ అనే గుట్ట మీద, రెన్‌ఫ్రూ వీధిలో ఉంది. ఇప్పుడు మనమున్న ఈ గిడ్డంగి మాత్రం అక్కడికి ఉత్తరంగా, రాదారి దాటి వస్తే, ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ ఒడ్డున ఉంది. దీని పేరు విస్కీ బాండ్. 1957లో విస్కీ పీపాలు నిలవ చేయడానికి కట్టింది. నిప్పంటే భయపడే సారా గోదాముకే, నిప్పు తరిమిన వస్తువులు వచ్చి చేరాయి.

ఆ కథ కాస్త చెప్పాలి. గుట్ట మీది భవనం గీసింది చార్లెస్ రెనీ మాకింటోష్. ఇదే బడిలో సాయంత్రం తరగతుల్లో చదువుకున్న కుర్రాడు, పగలు ఆర్కిటెక్టు ఆఫీసులో పని. 1899లో సగం భవనం తెరిచారు. డబ్బు చాలక ఆగి, మిగతా సగం 1907 నుంచి 1909 మధ్య కట్టారు. రెండో సగంలోని గ్రంథాలయాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ ఆర్కిటెక్టులు వచ్చేవారు. నల్లగా రంగు పట్టించిన చెక్క స్తంభాలు, నడుమ గుత్తిగా వేలాడే లోహపు దీపాలు, వాటికి రంగు గాజు కిటికీలు.

2014 మే 23, శుక్రవారం. చివరి ఏడాది పిల్లలు డిగ్రీ ప్రదర్శనకు సరంజామా సర్దుకుంటున్నారు. మధ్యాహ్నం కావస్తుండగా నేలమాళిగలో ఒకచోట పెట్టిన ప్రదర్శనలో, ఉబ్బే నురగ డబ్బా నుంచి వచ్చిన ఆవిరి వేడెక్కిన ప్రొజెక్టరుకు తగిలి అంటుకుంది. గోడల్లో పాతకాలపు గాలి సొరంగాలుంటాయి. మంట వాటిలోంచి పైకి ఎగబాకింది. గ్రంథాలయం కాలిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు, అగ్నిమాపక దళం భవనంలో ఎక్కువ భాగాన్ని కాపాడింది. మంట తగలని వస్తువులకు నీళ్లు తగిలాయి. తడిసిన కాగితాలు, బట్టలు బయటికి తెచ్చి ఆరబెట్టి, శుభ్రం చేసి, చివరికి ఈ కాలువ గట్టుకు చేర్చారు.

భవనాన్ని మళ్లీ యథాతథంగా కట్టడం మొదలైంది. దాదాపు పూర్తి కావొచ్చింది, 2019లో తెరుస్తామన్నారు. 2018 జూన్ 7న మాకింటోష్ నూటయాభయ్యో పుట్టినరోజు జరిపారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, జూన్ 15 రాత్రి, మళ్లీ మంటలు. ఈసారి రాతి గోడలు తప్ప పెద్దగా మిగల్లేదు. మూడున్నరేళ్ల దర్యాప్తు తర్వాత అగ్నిమాపక శాఖ, కారణం తేల్చలేకపోయామని నివేదిక ఇచ్చింది. తేల్చడానికి పనికొచ్చే ఆధారం కూడా కాలిపోయింది.

మొదటి మంటకు ఇల్లు మారడం వల్లే ఈ పెట్టెలు రెండో మంటకు దొరకలేదు. ఇందులో ఎవరి దూరదృష్టీ లేదు. నీడ లేక వచ్చాయి, బతికిపోయాయి.

సరే, బల్ల దగ్గరికి వద్దాం. గులాబీ బట్ట లోపలికి వెళ్లింది. దాని వెనక ఉన్న మనిషి గురించి చెప్పుకోవాలి. 1885 నుంచి 1917 దాకా ఈ బడికి అధిపతి ఫ్రాన్సిస్ న్యూబరీ. అందరూ ఫ్రా అని పిలిచేవారు. ఆయన భార్య జెస్సీ న్యూబరీ కూడా ఇక్కడే చదువుకుంది. 1894లో ఎంబ్రాయిడరీ తరగతి మొదలుపెట్టింది. అప్పటికి కుట్టుపని అంటే బొమ్మ గీసిన గుడ్డ కొనుక్కుని, చెప్పిన రంగు దారంతో చెప్పినచోట నింపడం. జెస్సీ ఆ పద్ధతి తీసేసింది. బొమ్మ గీసేదీ, కుట్టేదీ ఒకే చేయి కావాలంది. మఖమలు, బంగారు జరీ అక్కర్లేదు, నార బట్ట, ఉన్ని గుడ్డ ముక్కలు, గోనె గుడ్డ అయినా సరే అంది. మిరియాల పొడి బుడ్డికి చేసే అలంకరణ, గుడి కట్టడానికి వేసే ఆలోచనకు తీసిపోదని ఆమె నమ్మకం. ఆమె ఉద్దేశంలో గుడి అంటే కెథడ్రల్, మనం మనకు తెలిసిన గుడే ఊహించుకోవచ్చు.

ఆమె తండ్రి విలియం రోవాట్ పక్క ఊరు పేస్లీలో శాలువాల వ్యాపారి. కశ్మీరు శాలువా మీది కొమ్ము తిరిగిన పువ్వును చూసి పేస్లీ మగ్గాలు నేయడం మొదలుపెట్టాయి. ఎన్ని నేశాయంటే చివరికి ప్రపంచమంతా ఆ ఆకారానికి ఆ ఊరి పేరే పెట్టేసింది. మనింటి పట్టుచీర అంచున మామిడిపిందెగా ఉండేది అదే. జెస్సీ ఆ శాలువాల మధ్య పెరిగింది. కానీ తన తరగతి పిల్లలకు పిందె నేర్పలేదు. కంటికెదురుగా ఉన్న గులాబీ, కాడ, ఆకు, బఠానీ తీగ తీసుకోమంది. అరువు నమూనాతో బతికిన ఊళ్లో పుట్టిన మనిషి ఇలా ఆలోచించడం నాకు ఇష్టం.

1908లో ఆమె మానుకుంటే తరగతి ఆన్ మాక్‌బెత్ చేతికి వచ్చింది. నా లెక్కలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈవిడ గురి పెద్దవాళ్ల మీద కాదు, ఆరేళ్ల పిల్లల మీద. అప్పటి బళ్లలో ఆడపిల్లలకు తెల్ల గుడ్డ, తెల్ల దారం, సన్నటి సూది ఇచ్చి కంటికి కనబడనంత చిన్న కుట్లు వేయించేవారు. కుట్టు ఎంత కనబడకపోతే అంత గొప్ప. ఆన్ మాక్‌బెత్, మార్గరెట్ స్వాన్‌సన్ కలిసి 1911లో అచ్చువేసిన 'ఎడ్యుకేషనల్ నీడిల్‌క్రాఫ్ట్' పుస్తకం దీన్ని తిరగతిప్పింది. చిన్న పిల్లకు ముతక గుడ్డ ఇవ్వండి, లావు సూది ఇవ్వండి, గుడ్డకు విరుద్ధమైన రంగు దారం ఇవ్వండి, పెద్ద పెద్ద టాకాలు వేయనివ్వండి, కంటికి చేటు చేయకండి అని వాదించింది. చేతికి అదుపు వచ్చేకొద్దీ కుట్టు దానంతటదే చిన్నదవుతుంది. శనివారాల్లో ఊళ్లలోని బడి పంతులమ్మలు ఇక్కడికి వచ్చి ఇది నేర్చుకుని వెళ్లేవారు.

ఆన్ మాక్‌బెత్ తాను కుట్టుకున్న కాలరు వేసుకుని ఫోటో దిగింది. 1910లో ఓటు హక్కు కోసం జైల్లో నిరాహారదీక్ష చేసిన ఎనభై మంది స్త్రీల సంతకాలు కుట్టిన గుడ్డను కూడా ఆమే రూపొందించింది. అది లండన్ మ్యూజియంలో ఉంది, ఈ పెట్టెల్లో లేదు. దాన్నీ వెనక తిప్పి చూడాలని నాకు ఆశ. సంతకాన్ని సూదితో తిరగరాస్తే చేయి ఎక్కడ వణికిందో అక్కడ దొరుకుతుంది.

ఇంకో పెట్టె. ఇది పెద్దది, తేలిగ్గానే ఉంది. దీనిలోని బట్టలు ఈ బడిలో కుట్టినవి కావు. కొన్నిటికి పాతకాలపు చీటీలున్నాయి. 1934లో దారాల కంపెనీ జె. అండ్ పి. కోట్స్ ఒక పథకం పెట్టింది. పేరు నీడిల్‌వర్క్ డెవలప్‌మెంట్ స్కీమ్. స్కాట్లండులోని నాలుగు చిత్రకళా బళ్లు, అంటే గ్లాస్గో, ఎడిన్‌బరో, డండీ, అబర్డీన్, అందులో చేరాయి. దేశదేశాల ఎంబ్రాయిడరీ ముక్కలు సేకరించడం, కొత్తవి కుట్టించడం, అన్నిటినీ ఊరూరా బళ్లకు అరువివ్వడం దాని పని. యుద్ధం రోజుల్లో ఆగి, తర్వాత మళ్లీ నడిచింది. 1961లో డబ్బులు నిలిచిపోవడంతో మూతపడేసరికి మూడువేల పైచిలుకు ముక్కలు పోగయ్యాయి. వాటిని మ్యూజియాలకూ బళ్లకూ పంచేశారు. గ్లాస్గో వాటా ఇది.

కంపెనీ దారాలు అమ్ముకోవాలి, ఆ సంగతి ఎవరూ మరచిపోనక్కర్లేదు. కానీ మొదట్లో డబ్బు ఎవరిదో చెప్పకుండానే పథకం నడిపారు. ఈ ముక్కల్ని చూడండి, అంచులు నలిగి, మూలలు వదులై ఉన్నాయి. ఎన్ని బళ్లలో ఎన్ని చేతులు పట్టుకున్నాయో. మామూలుగా అరిగిన వస్తువును పాడైందంటాం. ఈ పెట్టెలో అరుగుదలే, వస్తువు తన పని తాను చేసిందనడానికి రుజువు.

ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మాట. మన ఊళ్లలో ఎంబ్రాయిడరీ సామాన్ల కొట్టుకు వెళ్లి ఫలానా నంబరు యాంకర్ దారం ఇవ్వండి అని అడుగుతారు చూశారా, ఆ యాంకర్ పుట్టిల్లు పేస్లీయే. అక్కడ క్లార్క్ కుటుంబం మిల్లు పేరు యాంకర్ మిల్స్. 1896లో క్లార్కులు కోట్సులో కలిసిపోయారు. మన దేశంలో కోట్స్ వ్యాపారం మదురా మిల్లులతో కలిసి 1974లో మదురా కోట్స్ అయింది. ఈ పెట్టెను నింపిన కంపెనీ దారమూ, మనింట్లో దిండు గలేబు మీద చిలకను కుట్టిన దారమూ ఒకే ఊరి వంశం. పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు కూడా స్కాట్లండు మిషనరీలు 1844 ప్రాంతంలో నేర్పిందనే చెబుతారు. ఆ లేసు అల్లే ఆడవాళ్ల పనిని పనిగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని 1982లో మరియా మీస్ 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకమే రాసింది. ఈ పెట్టెలో కూడా చాలా ముక్కలకు చేసినవారి పేరు లేదు. దేశం పేరు ఉంటుంది, కుట్టు పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు.

బట్టలు చాలు. ఇప్పుడు చిన్న లోహపు పలక. రాగి రేకు మీద గాజుపొడి చల్లి కొలిమిలో కరిగించి చేసే ఎనామెల్ పని. ఈ బడిలో దాన్ని నేర్పినవారిలో డి కోర్సీ లూథ్‌వైట్ డ్యూవర్ అనే ఆవిడ ఉంది. 1890ల చివర చేరి 1928 దాకా పాఠం చెప్పింది. ముందువైపు నీలం, ఆకుపచ్చ కలిసి చెరువు అడుగులా మెరుస్తున్నాయి. తిప్పండి. వెనక కూడా ఎనామెల్ పూతే. కానీ బొమ్మ లేదు, అందం లేదు, మచ్చల మచ్చలుగా మిగిలిపోయిన పొడులన్నీ కలిపి పూసినట్టుంది. అలంకారం కోసమైతే ఇది దండగ. పూయకపోతే మాత్రం ముందువైపు ఉండదు. కొలిమిలోంచి తీశాక రాగి ఎక్కువ ముడుచుకుంటుంది, గాజు తక్కువ ముడుచుకుంటుంది. ఒక్కవైపే గాజు ఉంటే పలక వంగి, గాజు పగిలి, చిట్లి రాలిపోతుంది. రెండువైపులా ఉంటే లాగుడు సమానమవుతుంది. ముఖం నిలబడటానికి వీపు మీద కూడా అంతే బరువు పెట్టాలి. ఎనామెల్ నేర్చుకునేవాడికి గురువు మొదట చూపించేది ఇదే, కొనేవాడు ఎప్పటికీ చూడనిదీ ఇదే.

కుర్చీ దగ్గరికి వెళ్దాం, అందరూ దానికోసమే వస్తారు కనుక. మిస్ క్రాన్‌స్టన్ ఆర్గైల్ వీధిలో నడిపిన టీ గదుల కోసం 1897 ప్రాంతంలో మాకింటోష్ రూపొందించిన నమూనా. నాలుగున్నర అడుగుల ఎత్తు. వీపు పైభాగంలో కోడిగుడ్డు ఆకారపు పలక, దానిలో ఎగిరే పక్షి ఆకారంలో కోసిన రంధ్రం. మనిషి కూర్చుంటే తల వెనక ఆ పలక చంద్రబింబంలా నిలుస్తుంది. ఫోటోల్లో ఇది దేవుడి సింహాసనం. మోకాళ్ల మీద కూర్చుని కిందనుంచి చూస్తే మామూలు కుర్చీ. మాకింటోష్ కర్ర పనితనాన్ని వడ్రంగులు అంతగా మెచ్చుకోరు. ఓకు చెక్కకు ముదురు రంగు పట్టించి దాని రేఖల్ని మసకబార్చాడు. సన్నటి నిలువు కర్రల మీద అంత ఎత్తు నిలబెట్టాడు. వెనక్కి వాలితే బరువంతా అతుకుల మీదే. టీ తాగడానికి వచ్చిన జనం వాలకుండా ఉంటారా? ఇలాంటి కుర్చీలకు మరమ్మతులు కొత్త కాదు. గొప్ప గీత గీసే చేతికి కలప స్వభావం తెలియాలని లేదు. మాకింటోష్‌ని తక్కువ చేయడానికి అనడం లేదు. ఈ కుర్చీని ముందునుంచి మాత్రమే చూసి పొగిడిన పుస్తకాలు చాలా చదివాం కాబట్టి అంటున్నాను.

2014 మంటలో గ్రంథాలయంతో పాటు అందులోని కుర్చీలూ బల్లలూ పోయాయి. మంట ఆరాక బూడిదను ఊడ్చి పారెయ్యలేదు. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, నేలను గడులుగా విభజించుకుని, ఏ గడిలో ఏం దొరికిందో రాసుకుంటూ ఏరారు. పైనుంచి కూలిన దీపాల లోహపు ముక్కలు, వంకర తిరిగిన రేకులు ఎన్నో దొరికాయి. విరిగినందువల్లే ఒక లాభం కలిగింది. గుత్తిగా వేలాడినన్నాళ్లూ ఎవరికీ కనబడని మడతలు, లోపలి అతుకులు ఇప్పుడు బయటపడ్డాయి. మళ్లీ చేసేవాళ్లకు అవే పాఠం అయ్యాయి. కాలిన దుంగల్ని కొన్ని పాతికమంది కళాకారులకు పంపి, వాటితో ఏదైనా చేయమని అడిగి, 2017లో వేలం వేసి పునర్నిర్మాణానికి డబ్బు కూడబెట్టారు. ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ కూడా ఒక ముక్క తీసుకున్నాడు. మంచి పనే. నాకైతే వేలంలో ధర పలికిన బొగ్గుకన్నా, గడి నంబరు రాసుకున్న చీటీతో ఉన్న వంకర రేకే ఎక్కువ మాట్లాడినట్టనిపిస్తుంది.

పోత బొమ్మల గురించి రెండు ముక్కలు. భవనంతో పోయినవి పోగా కొన్ని మిగిలాయి. గ్రీకు, రోమను శిల్పాలకు అచ్చుతీసి ప్లాస్టర్‌తో పోసినవి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌లో ఏ చిత్రకళా బడిలోనైనా పిల్లలు నెలల తరబడి వీటి ముందు కూర్చుని నీడలు దిద్దేవారు. వెనక్కి వెళ్లి చూస్తే బోలు. గోనె గుడ్డ పీలికలు, చెక్క పట్టీలు ప్లాస్టర్‌లో తడిపి అంటించి ఉంటాయి. ముందువైపు కూడా దగ్గరగా చూస్తే చెంప మీదుగా, భుజం మీదుగా సన్నటి గీత కనబడుతుంది, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు. మాకింటోష్ కూడా ఇలాంటివి దిద్దే పెరిగాడు.

ఇక చివరి వస్తువు. ఇది పుస్తకం, కానీ అచ్చులో లేదు. మన కాలేజీల్లో లిఖిత పత్రికలు నడిపేవాళ్లు గుర్తున్నారా, ఒకే ప్రతి, చేతిరాత, బొమ్మలు అతికించి, చేతులు మారుతూ తిరిగేది. ఇదీ అదే. పేరు 'ద మ్యాగజైన్'. 1893 నవంబరు నుంచి 1896 దాకా నాలుగు సంచికలు వచ్చాయి. సంపాదకురాలు లూసీ రేబర్న్ అనే విద్యార్థిని. ఆమె స్నేహితురాళ్లు మార్గరెట్, ఫ్రాన్సెస్ మాక్‌డొనాల్డ్ అక్కచెల్లెళ్లు నీటిరంగు బొమ్మలు ఇచ్చారు. పొడవాటి సన్నటి ఆడ మూర్తులు, కళ్లు మూసుకుని, జుట్టు తీగల్లో కలిసిపోయి. అప్పటి జనానికి అవి దయ్యాల్లా కనిపించి, ఈ గుంపుకు దయ్యాల బడి అని పేరు పెట్టారు. సాయంత్రం తరగతిలో ఉన్న మాకింటోష్, అతని మిత్రుడు హెర్బర్ట్ మాక్‌నేర్ గీతలు, పగటి తరగతిలో ఉన్న ఈ అక్కచెల్లెళ్ల గీతల్లాగే ఉన్నాయని ఫ్రా న్యూబరీయే గమనించి నలుగురినీ కలిపాడు. తర్వాత ఇద్దరిద్దరూ పెళ్లిళ్లు చేసుకున్నారు.

పుట తిప్పేటప్పుడు కింది మూల పట్టుకోండి, అరచేయి ఆన్చకండి. బొమ్మలు ఫోటోలు కావు, అసలువి. రంగు కాగితంలోకి ఇంకి వెనక పుట మీద నీడ పడ్డ చోట్లున్నాయి. గుడిలో విగ్రహాల్లా చూసే పేర్లు ఇక్కడ తోటి పిల్లల చేతిరాతలో, తోటి పిల్లల చతుర్ల మధ్య ఉన్నాయి. ఒకరు కథ రాశారు, బాగా లేదు. ఒకరు ఫోటో అతికించారు, వంకరగా.

1894 ఏప్రిల్ సంచిక. మాకింటోష్‌కు అప్పటికి ఇరవై ఐదేళ్లు, ఇంకా భవనం లేదు, కుర్చీ లేదు. నీటిరంగుల్లో ఒక బొమ్మ ఇచ్చాడు. వంకర టింకర కొమ్మలు, కింద గుండ్రటి ఆకారాల వరస, సంధ్య వెలుగులో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేలడం లేదు. పేరు 'పండ్లతోటలో క్యాబేజీలు'. జనానికి అర్థం కాదని అతనికే అనుమానం వచ్చినట్టుంది, పక్కన తనే వివరణ రాశాడు. ఆ వివరణ వల్ల అయోమయం ఇంకా పెరుగుతుంది. చివరికి చేతులెత్తేసి, ఈ బొమ్మలో మీకు చెట్టులా కనబడనిదీ, క్యాబేజీలా కనబడనిదీ ఏదైనా ఉంటే దాన్ని గూస్‌బెర్రీ పొద అనేసుకోండి అని తేల్చేశాడు. లూసీ రేబర్న్ దాన్ని మార్చకుండా అలాగే అతికించింది.